ఫార్ములా చెప్పింది 1,352, మెషీన్ చూపింది 1,137

కరీంనగర్ జిల్లాలోని ఒక ఊరి నుంచి 46 ఏళ్ల బీడీ కార్మికురాలిని షుగర్ డాక్టరు గారు హన్మకొండలో డైటీషియన్‌గా పనిచేసే నా దగ్గరికి పంపారు. రెఫరల్ చీటీ మీద ఒకటే లైను: డైట్ పాటించడం లేదు, మళ్లీ కౌన్సెలింగ్ ఇవ్వగలరు.

ఎత్తు 150 సెంటీమీటర్లు, బరువు 68 కిలోలు. మూడేళ్లుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నారు, మూడు నెలల సగటు షుగర్ చూపే హెచ్‌బీఏ1సీ 7.4. థైరాయిడ్ మాత్ర కూడా వేసుకుంటారు, కానీ థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ అదుపులోనే ఉంది. అంతకుముందు వేరే క్లినిక్‌లో ఆమెకు 1,600 కేలరీల చార్ట్ రాసిచ్చారు. దాన్ని బీడీ కార్డులో మడిచి పెట్టుకుని తెచ్చారు. ఎనిమిది నెలలు దాటినా ముల్లు 68 దగ్గరే ఉంది.

"మేడం, ఒట్టేసి చెప్తున్న, చీటీల రాసిందే తింటున్న. ఇంట్లోల్లు నమ్ముతలేరు. దొంగతనంగ తింటున్ననంటరు" అన్నారు.

మూడు రోజుల తిండి లెక్క రాశాను, అందులో ఒకటి ఆదివారం. పొద్దున రెండు చాయ్‌లు, ఉప్మానో అటుకులో. పగలు అన్నం, పప్పు, ఒక కూర. రాత్రి మళ్లీ అన్నం, చారు, కొంచెం పెరుగు. ఆదివారం కోడికూర. బియ్యం కొలిచే గ్లాసు ఇంటి నుంచి తెప్పించి, దాంట్లో ఎన్ని గ్రాములు పడతాయో త్రాసు మీద చూశాం. సగటు రోజుకు 1,550 కేలరీల దగ్గర తేలింది. తిన్నది తక్కువ చేసి చెప్పడం ఏ దేశంలోనైనా ఉన్నదే, అది నాకూ తెలుసు. అయితే ఆమె లెక్కలో దాచినట్టు కనిపించే చోటు ఏదీ దొరకలేదు. నోటి మాటను నమ్మాలా, చార్ట్‌ను నమ్మాలా అన్న తగువు మాటలతో తెగదు. ఆమె శరీరం విశ్రాంతిలో రోజుకు ఎంత ఖర్చు చేస్తోందో కొలిచి చూద్దామనుకున్నాను.

ఆ 1,600 ఎక్కడి నుంచి వచ్చింది

చార్ట్ వెనకాల లెక్క రాసి ఉండడంతో పని తేలికైంది. హారిస్–బెనెడిక్ట్ ఫార్ములాలో ఆమె వయసు, ఎత్తు, బరువు వేస్తే విశ్రాంతి ఖర్చు 1,368 కేలరీలని వస్తుంది. వృత్తి కాలమ్‌లో "కార్మికురాలు" అని ఉంది కాబట్టి మధ్యస్థ శ్రమ కింద 1.55తో గుణించారు: 2,120. బరువు తగ్గాలని అందులో 500 తీసేశారు. అలా సుమారు 1,600 అయింది. కూడికలు, గుణకారాలు అన్నీ సరిగ్గానే ఉన్నాయి.

బీడీలు చేసే పని దగ్గర కూర్చుని చూసినవాళ్లు ఆ 1.55 రాయరు. ఒళ్లో చాట, చాటలో తంబాకు, కత్తిరించిన తునికాకు. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం దాకా లేవరు. కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది, లేచిన ప్రతిసారీ లెక్క వెనకబడుతుంది. వేళ్లు మాత్రం ఆగకుండా కదులుతాయి, మెడ, నడుము విరిగిపోతాయి. అది కష్టమైన పనే, అందులో సందేహం లేదు. కానీ కష్టం వేరు, కేలరీల ఖర్చు వేరు. కూర్చుని చేసే జీవనానికి భారత వైద్య పరిశోధన మండలి, జాతీయ పోషకాహార సంస్థల (ఐసీఎంఆర్–ఎన్‌ఐఎన్) 2020 సిఫార్సులు వాడిన గుణకం 1.4, మధ్యస్థ శ్రమకు 1.8. ఆమె నిస్సందేహంగా మొదటి దాంట్లోనే వస్తారు.

గుణకం సరిచేసుకోవచ్చు. దాని ముందున్న 1,368 ఎంత నిజం? అసలు ప్రశ్న అది.

కొలత

ఆర్‌ఈఈ అంటే విశ్రాంతిగా పడుకుని ఉన్నప్పుడు గుండె, ఊపిరితిత్తులు, మెదడు, కాలేయం, కిడ్నీలు, కండరాలు నడవడానికి శరీరం పెట్టే ఖర్చు. నేరుగా వేడిని కొలవడం గదులకు గదులు కావలసిన పని. మేం చేసేది పరోక్ష పద్ధతి: తల చుట్టూ పారదర్శకమైన హుడ్ పెట్టి, లోపలికి పోయే గాలికీ బయటికి వచ్చే గాలికీ మధ్య ఆక్సిజన్ ఎంత తగ్గిందో, కార్బన్ డయాక్సైడ్ ఎంత పెరిగిందో చూస్తాం. ఆ రెండింటినీ కేలరీల్లోకి మార్చే సమీకరణం 1949లో వీర్ ఇచ్చినది. నిమిషానికి వాడిన ఆక్సిజన్ లీటర్లను 3.941తో, వదిలిన కార్బన్ డయాక్సైడ్ లీటర్లను 1.106తో గుణించి, కూడి, రోజులోని 1,440 నిమిషాలతో గుణించాలి.

మెషీన్ ఎంత మంచిదైనా మనిషిని సిద్ధం చేయకపోతే వచ్చే అంకె చెత్తే. ముందు రోజు రాత్రి భోజనం తర్వాత మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోవద్దని, చాయ్, జర్దా బంద్ అని, సాయంత్రం నుంచి తంబాకు ముట్టుకోవద్దని చెప్పాను. చివరి మాట విని ఆమె ఆశ్చర్యపోయారు. బీడీలు చుట్టేవాళ్లు తాగకపోయినా చర్మం నుంచీ దుమ్ము నుంచీ నికోటిన్ ఒంట్లోకి చేరుతుంది. నికోటిన్ విశ్రాంతి ఖర్చును కొంత పెంచుతుంది.

మొదటి రోజు పొద్దున్నే బస్సు దిగి వచ్చారు. ఏమైనా తాగారా అని అడిగితే "ఏం లేదు మేడం, బస్టాండుల చాయ్ ఒక్కటే" అన్నారు. పాలు, చక్కెర, టీపొడి ఉన్న ఆ ఒక్క గ్లాసుతో కొలత చెడిపోతుంది, పైగా బస్సు ప్రయాణం బడలిక. ఆ రోజు వద్దని చెప్పి పంపాను. ఆమె రాత్రి హన్మకొండలోనే ఆడబిడ్డ ఇంట్లో ఉండి మర్నాడు ఆరున్నరకు వచ్చారు. ఊరి నుంచి వచ్చేవాళ్లకు ఇదే చెప్తాను: కుదిరితే ముందు రాత్రి దగ్గర్లో ఉండండి, ఆటోలో వచ్చినా సరే, నడిచి మాత్రం రావద్దు.

అరగంట పడుకోబెట్టాం. గది 25 డిగ్రీల దగ్గర ఉంచి దుప్పటి ఇచ్చాం. ఎండాకాలంలో ఏసీ 20కి పెట్టి కొలిస్తే ఒళ్లు వేడి పుట్టించుకునే పనిలో పడుతుంది, ఖర్చు పెరిగినట్టు కనిపిస్తుంది. హుడ్ పెట్టగానే ఆమె భయపడ్డారు: "ఊపిరి ఆడతలేదు మేడం." స్క్రీన్ మీద ఆక్సిజన్ కంటే కార్బన్ డయాక్సైడ్ వేగంగా పైకి పోయింది. ఆ రెండింటి నిష్పత్తి, అంటే ఆర్‌క్యూ, 0.98 చూపించింది. మెషీన్ ఆ నిమిషాల్లో 1,390 కేలరీలు రాసింది.

ఎవరైనా ఆ పేపరు ప్రింట్ తీసి ఉంటే హారిస్–బెనెడిక్ట్‌కు భలే దగ్గరగా ఉందని సంతోషించేవారు. రాత్రంతా పస్తున్న మనిషి శరీరం కొవ్వు, పిండిపదార్థాలు రెండూ కలిపి కాలుస్తుంది. ఉత్త పిండిపదార్థాలు కాలితే నిష్పత్తి 1.0, ఉత్త కొవ్వు కాలితే 0.7. పస్తు మీద 0.98 రాదు. వచ్చిందంటే భయంతో గబగబా ఊపిరి తీసి, రక్తంలో నిల్వ ఉన్న కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి తోస్తున్నారన్నమాట. హుడ్ తీసి, నీళ్లు తాగించి, పక్కనే కూర్చుని ఆమె కూతురి పెళ్లి సంగతులు అడిగాను. మళ్లీ పెట్టాక మొదటి ఐదు నిమిషాలు లెక్కలోకి తీసుకోలేదు. ఆ తర్వాత ఆక్సిజన్, కార్బన్ డయాక్సైడ్ రెండూ పది శాతం లోపు మార్పుతో నిలకడగా సాగిన భాగాన్నే తీసుకున్నాను. నిద్రపోకుండా నర్సు చూసుకుంది.

ఆక్సిజన్ నిమిషానికి 163 మిల్లీలీటర్లు, కార్బన్ డయాక్సైడ్ 133. ఆర్‌క్యూ 0.82. ఆర్‌ఈఈ 1,137 కేలరీలు.

1,137ని 1.4తో గుణిస్తే 1,592. అంటే తగ్గడానికని ఇచ్చిన 1,600 కేలరీల చార్ట్ ఆమె బరువును ఉన్నచోటే నిలబెట్టే చార్ట్. ఎనిమిది నెలలు ఆమె దాన్ని సరిగ్గా పాటించారు కాబట్టే బరువు పెరగకుండా, తగ్గకుండా ఉంది. ఈ సంగతి ఆమె భర్తను కూడా కూర్చోబెట్టి, పేపరు చూపించి చెప్పాను. చెప్పాల్సిన మొదటి మాట అదే అనిపించింది.

అంకెలు ఎందుకు తప్పాయి

ఆమె వివరాలతోనే మిగతా ఫార్ములాలు వేసి చూశాను. షోఫీల్డ్ 1,398. ఆక్స్‌ఫర్డ్ సమీకరణం 1,356. మన ఐసీఎంఆర్ సమీకరణం, 30–60 ఏళ్ల స్త్రీలకు బరువును 8.3తో గుణించి 788 కలిపేది, 1,352. మిఫ్లిన్–సెయింట్ జియోర్ 1,227. అన్నీ ఎక్కువే చెప్పాయి. పది శాతం లోపు తేడాను పనికొచ్చే అంచనాగా తీసుకోవడం మా వృత్తిలో రివాజు. ఆ హద్దులో ఉన్నది మిఫ్లిన్ ఒక్కటే.

ఫార్ములాలకు పుట్టిన ఊరు ఉంటుంది. 1919లో అమెరికాలో హారిస్, బెనెడిక్ట్ 136 మంది పురుషులను, 103 మంది స్త్రీలను కొలిచిన డేటా నుంచి మొదటిది పుట్టింది. 1985 నాటి షోఫీల్డ్ సమీకరణాల వెనక ఏడు వేలకు పైగా కొలతలున్నాయి, వాటిలో దాదాపు సగం ఇటలీ వాళ్లవి. భారతీయులకు అవి ఎక్కువ చెప్తున్నాయని గమనించి ఐసీఎంఆర్ ఐదు శాతం తగ్గించి వాడింది. మిఫ్లిన్ 1990లో 498 మందితో వచ్చింది, వాళ్లలో లావుగా ఉన్నవాళ్లు చాలామందే.

ఐదు శాతం తగ్గింపు అనేసరికి మనవాళ్ల జీవక్రియే మందం అనే అభిప్రాయం పాతుకుపోయింది. నేను దాంతో ఏకీభవించను. ఈ కేసే చూడండి. ఒంట్లోకి సన్నటి కరెంటు పంపి కొవ్వును అంచనా వేసే బయో ఇంపెడెన్స్‌లో ఆమె కొవ్వు 44 శాతం వచ్చింది. కొవ్వు తీసేస్తే మిగిలే బరువు, అంటే కండరాలు, అవయవాలు, ఎముకలు, నీరు కలిపి, 38 కిలోలు. 1,137ని 38తో భాగిస్తే కిలోకు 30 కేలరీలు. ఇది ఆరోగ్యవంతుల్లో మామూలుగా కనిపించే అంకె. ఆమె శరీరం మందంగా లేదు, ఖర్చు పెట్టే భాగం చిన్నది. 68 కిలోలని ఫార్ములాకు చెప్పినప్పుడు అది 68 కిలోల సగటు తెల్ల స్త్రీ కండను ఊహించుకుంది. భారతీయుల, ఆస్ట్రేలియన్ల కొలతలను ఈ కొవ్వు కాని బరువుతో సరిచేసి పోల్చిన పరిశోధకులు కూడా 1998లో జాతి ప్రభావానికి ఆధారం లేదనే తేల్చారు.

అవయవాల వారీగా చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. విశ్రాంతిలో కిలో గుండె, కిలో కిడ్నీ రోజుకు 440 కేలరీల చొప్పున, మెదడు 240, కాలేయం 200 ఖర్చు చేస్తాయని అంచనా. కిలో కండరం 13. కిలో కొవ్వు నాలుగున్నర. బరువు యంత్రం మీద ఇవన్నీ ఒకటే కిలో.

ఇంకో కేసు, అదే 38 కిలోలు

ఆ నెలల్లోనే ములుగు జిల్లా అడవి వైపు నుంచి 19 ఏళ్ల కోయ యువకుడు వచ్చాడు. సికిల్ సెల్ వ్యాధి (ఎర్ర రక్తకణాలు కొడవలి ఆకారంలోకి మారే జబ్బు), ఇద్దరు తల్లిదండ్రుల నుంచీ జన్యువు వచ్చిన రకం. బరువు 43 కిలోలు, ఎత్తు 163. ఎంత తిన్నా ఒంటికి పట్టడం లేదని తల్లి బాధ. హాస్టల్లో పెట్టింది తినడం లేదని వార్డెన్ ఫిర్యాదు. బీడీ కార్మికురాలి మీద ఎక్కువ తింటుందని అనుమానం, ఇతని మీద తక్కువ తింటాడని. అదే తగువు, తలకిందులుగా.

నొప్పుల దాడి, జ్వరం లేని రోజు చూసి కొలిచాం. ఈ జాగ్రత్త తప్పనిసరి, ఎందుకంటే ఒంటి వేడి ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే ఖర్చు పది శాతానికి పైనే పెరగవచ్చు. ఇతనికి హుడ్ అంటే భయం లేదు, మొదటిసారే నిలకడ వచ్చింది. ఆక్సిజన్ 218, కార్బన్ డయాక్సైడ్ 180, ఆర్‌ఈఈ 1,524. ఐసీఎంఆర్ సమీకరణం ప్రకారం ఇతనికి ఉండాల్సింది 1,269. మిఫ్లిన్ ప్రకారం 1,359. అక్కడ ఆదుకున్న మిఫ్లిన్ కూడా ఇక్కడ పది శాతం హద్దు దాటింది.

ఇతని కొవ్వు కాని బరువు కూడా 38 కిలోలే వచ్చింది. సికిల్ సెల్ రోగుల్లో ఒంట్లో నీటి శాతం అటూ ఇటూ అవుతుంది కాబట్టి బయో ఇంపెడెన్స్ అంకెను ఒకటి రెండు కిలోల అనుమానంతోనే తీసుకోవాలి. అలా తీసుకున్నా కిలోకు 40 కేలరీల దగ్గర ఉంది. మామూలు ఎర్ర రక్తకణం 120 రోజులు బతికితే వీళ్ల కణం పది నుంచి ఇరవై రోజులే బతుకుతుంది. పోయినవాటి స్థానంలో కొత్తవి తయారుచేయడానికి ఎముక మూలుగ రాత్రింబవళ్లు పనిచేస్తుంది. రక్తహీనతను సరిపెట్టడానికి గుండె ఎక్కువ రక్తం తోడుతుంది. ప్రొటీన్ విరగడం, కట్టడం వేగంగా నడుస్తాయి. మంచం మీద పడుకున్నా ఆ పని ఆగదు. సికిల్ సెల్‌లో ఆర్‌ఈఈ పెరుగుతుందన్నది పుస్తకాల్లో ఉన్నదే, కానీ ఆదిలాబాద్ నుంచి భద్రాచలం దాకా ఈ జన్యువు ఉన్న గిరిజన కుటుంబాల పిల్లలకు ఇప్పటికీ అందరితో పాటు ఒకే కొలమానంతో తిండి లెక్క వేస్తుంటే నాకు బాధగా ఉంటుంది. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ పరీక్షలతో ఇంకా చాలామంది బయటపడతారు. వాళ్లకు మందు చీటీతో పాటు తిండి చీటీ కూడా కావాలి.

రెండు కేసులనూ పక్కపక్కన పెట్టండి. ఐసీఎంఆర్ ఫార్ములా ఆమెకు 215 కేలరీలు ఎక్కువ చెప్పింది, అతనికి 255 తక్కువ చెప్పింది. ఇద్దరి సగటు తీస్తే తప్పు 20 కేలరీలే. గుంపు మీద ఫార్ములా బాగా పనిచేసిందని ఎవరైనా రాస్తే అబద్ధమేమీ కాదు. జిల్లాకు ఎన్ని టన్నుల బియ్యం కావాలో లెక్కవేయడానికి అది చాలు. నా ఎదురుగా కుర్చీలో కూర్చున్న మనిషికి చాలదు.

ముసలివాళ్ల సంగతి ఒక్క మాటలో: 2021లో వచ్చిన పెద్ద అధ్యయనం 20 నుంచి 60 ఏళ్ల దాకా, ఒంటి పరిమాణాన్ని సరిచేసి చూస్తే, ఖర్చు దాదాపు మారదని, 60 తర్వాతే ఏటా 0.7 శాతం చొప్పున తగ్గుతుందని చూపింది. నలభై దాటగానే మెటబాలిజం పడిపోయిందనే వాళ్లకు నేను ముందు కండ చూపించమంటాను.

ఇచ్చిన తిండి

యువకుడికి 1,524ని 1.7తో గుణించి రోజుకు 2,600 కేలరీల లక్ష్యం పెట్టాం. హాస్టల్ అన్నం ఇంకో గరిటె పెంచమంటే లాభం లేదు, కడుపు నిండిపోతుంది. పల్లిపట్టీలు, నువ్వుల ఉండలు, రెండు గుడ్లు, రాత్రి పడుకునే ముందు పాలు, కూరలో నూనె. ఇంట్లో ఉన్నప్పుడు జొన్న గటకలో పెరుగు. ఫోలిక్ యాసిడ్ డాక్టరు గారు రాశారు. రక్తం తక్కువ అనగానే ఊళ్లో ఎవరో ఒకరు ఐరన్ మాత్రలు చేతిలో పెడతారు. రక్తం ఎక్కించుకున్న సికిల్ సెల్ రోగుల్లో ఐరన్ ఇప్పటికే పేరుకుని ఉండవచ్చు, ఐరన్ నిల్వ చెప్పే ఫెరిటిన్ పరీక్ష చూడకుండా ఇవ్వకూడదని తల్లికి, వార్డెన్‌కు ఇద్దరికీ విడివిడిగా చెప్పాను. నాలుగు నెలలకు 43 నుంచి 45.5 కిలోలకు వచ్చాడు.

బీడీ కార్మికురాలికి 1,000 కేలరీలకు దించితే తొందరగా తగ్గేవారే, ఉన్న కండ కూడా దాంతో పోయేది. అందుకని 1,300 దగ్గర పెట్టి, ప్రొటీన్ 65 గ్రాములకు పెంచాం. పగటి అన్నం సగం చేసి పప్పు చిక్కగా, రాత్రికి జొన్నరొట్టె, రోజూ ఒక గుడ్డు, పెసలో బొబ్బర్లో ఉడికించి సాయంత్రం ఒక గిన్నె, పెరుగు. చాయ్‌లో చక్కెర తీసేశారు. వ్యాయామం అంటే ఆమెకు టైం లేదు, అది నిజం. ప్రతి రెండు వందల బీడీలకు ఒకసారి లేచి, కుర్చీ పట్టుకుని పదిసార్లు కూర్చుని లేవడం, నీళ్లు నింపిన రెండు లీటర్ల సీసాలు రెండు చేతులతో ఎత్తడం. రోజులో వెయ్యి బీడీలకు ఐదుసార్లు. కూలి లెక్కకు కట్టిన వ్యాయామం కాబట్టి మరిచిపోలేదు.

హుడ్ అందుబాటులో లేని చోట పనిచేసే తోటి డైటీషియన్లకు నేను చెప్పేది: షుగర్ ఉండి లావుగా ఉన్నవాళ్లకు మిఫ్లిన్‌తో మొదలుపెట్టండి, ఏ ఫార్ములా, ఏ గుణకం వాడారో చార్ట్ మీదే రాయండి, అదే త్రాసు మీద వారానికోసారి పరగడుపున బరువు చూడండి. నాలుగు వారాలకు ముల్లు కదలకపోతే రోగిని అనుమానించే ముందు అంకెను అనుమానించండి. ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ల లెక్క వేరు, ఈ మాట వాళ్లకు వర్తించదు.

మళ్లీ కొలిచినప్పుడు

ఆరు నెలలకు ఆమె బరువు 63.5 కిలోలు, హెచ్‌బీఏ1సీ 6.6. కొవ్వు కాని బరువు 37.2, అంటే పోయిన నాలుగున్నర కిలోల్లో ఎక్కువ భాగం కొవ్వే. ఆక్సిజన్ 157, కార్బన్ డయాక్సైడ్ 127, ఆర్‌ఈఈ 1,093. కిలోకు 29.4.

బరువు తగ్గాక శరీరం అవసరానికి మించి ఖర్చు తగ్గించుకుంటుందని ఆమె కూతురు ఫోన్‌లో చదివి అడిగింది, అమ్మకు అదే అయిందా అని. ఒకే మనిషిని వేరు వేరు రోజుల్లో కొలిచినా మూడు నుంచి ఐదు శాతం తేడా వస్తుంది. 1,137కూ 1,093కూ మధ్య తేడా నాలుగు శాతం. ఒక కిలో కొవ్వు కాని బరువు తగ్గిందన్న లెక్క కూడా అందులోనే ఉంది. కాబట్టి అవునని చెప్పలేదు. చార్ట్ 1,300 దగ్గరే ఉంచి, చలికాలం దాటాక, నెలసరి లెక్క చూసుకుని, అదే గదిలో అదే వేళకు మూడో కొలతకు రమ్మన్నాను. అప్పటికి కిలోకు 28 కంటే తక్కువ వస్తే అప్పుడు ఆలోచిస్తాం.